గోడ మీది కందకం

ఇటు కిటికీ పక్కకి జరిగి కూర్చోండి. కాళ్ళు చాపుకోండి, పరాయి ఇల్లేం కాదు. వేసవిలో ఈ ఇంట్లో గాలి వచ్చే చోటు ఇదొక్కటే. ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి వంకరగా ఉంది, చూశారా? అసలు ఈ కిటికీ ఇక్కడ ఉండాల్సింది కాదు. ఎలా వచ్చిందో చెబుతాను, వినండి.

ఇప్పుడు పడకగది అంటున్నాం గానీ, నేను కాపురానికి వచ్చిన రోజుల్లో ఇది మామిడికాయలు మాగవేసే కొట్టుగది. మా మామగారిది నూజివీడులో మామిడి వ్యాపారం. పూత చూసి తోటలు మాట్లాడుకుని, కాయ దింపించి, బళ్ళ మీద ఇంటికి తోలించి, ఇక్కడ మాగవేసి బెజవాడ పంపేవారు. గదికి ఒకటే తలుపు. కిటికీ లేదు, వెలుతురుకి చిన్న కన్నం కూడా లేదు. ఉండకూడదు. కింద వరిగడ్డి మందంగా పరిచి, కాయలు తొడిమ కిందికి ఉండేలా పేర్చి, పైన గడ్డి, మళ్ళీ కాయలు, మళ్ళీ గడ్డి. గది నిండాక తలుపు మూసి, సందుల్లో గడ్డి కుక్కి, పేడ మెత్తేవాళ్ళు. లోపలి ఉక్క బయటికి పోకూడదు. ఆ ఉక్కలోనే కాయ పండాలి.

మధ్యలో లోపలికి వెళ్ళి కాయలు తిరగేయాలి. మెత్తబడి కుళ్ళినదాన్ని ఏరేయాలి, లేకపోతే పక్కవాటికి అంటుకుంటుంది. ఆ పని ఆడవాళ్ళది. మా ఇంటికి కూలికి వచ్చే ముసలావిడ ఉండేది, అందరం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఆవిడా నేనూ దూరేవాళ్ళం. మేం దూరగానే బయటివాళ్ళు తలుపు దగ్గరికి వేసేవాళ్ళు, వేడి పోతుందని. లోపల ఒక కిరసనాయిలు బుడ్డి. చిన్న రసాల వాసన వీధిలో ఎంత బాగుంటుందో, ఆ గదిలో అంత భయంగా ఉండేది. తియ్యగా వచ్చి గొంతులో కూర్చునేది. గడ్డి దుమ్ము మెడకి అంటుకుని దురద, చెమట కళ్ళలోకి కారి మంట. తట్టితే తలుపు తీస్తారని తెలుసు. తెలిసినా, తట్టకముందే గుండె దడదడలాడేది. బయటికొచ్చాక మాత్రం ఏముంది? పెరడు, పెరటికి గోడ. వీధి గుమ్మం దాటాలంటే అత్తయ్య పక్కన ఉండాలి. కొత్త కోడలిని కదా.

మా మరిది నా పెళ్ళికి ముందే పట్టాళంలో చేరాడు. లారీల మీద నంబర్లు రాసే పని అని చెప్పి తీసుకున్నారట. కుంచె పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. తరువాత మనుషులు చాలక చేతికి తుపాకీ ఇచ్చి బర్మా సరిహద్దు కొండల్లోకి పంపారు. అక్కడ వానల్లో, బురదలో, నేలలో తవ్విన కందకాల్లో ఉన్నాడని మాకు ఆ తరువాత ఎప్పుడో తెలిసింది. యుద్ధం అయిపోయింది, ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు ఇంట్లోకి మాత్రం రాలేదు.

అవును, ఇంట్లోకి రాలేదు. పెరటి మెట్ల దాకా వచ్చేవాడు, అక్కడ ఆగిపోయేవాడు. పడక నిమ్మచెట్టు కింద మంచం మీద. వాన పడితే చూరు కింద నిలబడి తడిసేవాడే గానీ గడప దాటేవాడు కాదు. తోటల చుట్టూ పశువులు రాకుండా తవ్వే కందకాలు ఉంటాయి చూడండి, వాటి పక్కన నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

అత్తయ్య రోజూ వంటింట్లో అందరి పీటలతో పాటు అతని పీటా వేసేది. కంచం పెట్టేది, నీళ్ళ చెంబు పెట్టేది. మామగారూ మా ఆయనా తిని లేచాక, ఆ ఖాళీ కంచం తీసుకుని తనే మెట్ల దగ్గరికి వెళ్ళేది.

“ఒరేయ్, పక్కింటి కుక్క కూడా వంటింటి గుమ్మం దాకా వస్తుందిరా. నీకేమొచ్చింది?”

“ఇక్కడ బాగుందమ్మా.”

“ఏం బాగుంది? ఎండా, ఈగలూనా?”

“ఆకాశం కనపడుతుంది.”

“ఆకాశం వడ్డిస్తుందేంటి నీకు అన్నం? తిను. రేపు లోపలికి రాకపోతే పెట్టను, చెబుతున్నా.”

మర్నాడు మళ్ళీ పీట వేసేది, మళ్ళీ కంచం మోసుకెళ్ళేది. ఆవిడకి కొడుకు ఏ ఉద్యోగం చేయకపోయినా పరవాలేదు. తన చేత్తో వేసిన పీట మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, ఒక్క పూట అన్నం తింటే చాలు.

మామగారికి చాలదు. తెల్లవాళ్ళ జెండా దిగి మన జెండా ఎగిరిన తరువాత వచ్చిన వేసవి అది. కాయ బాగా నిలిచింది. చెట్ల మీద కాయ ముదరకముందే ఆయన పెరట్లోకి వచ్చి, గొడుగు నేలకి ఆనించి అన్నారు: “పెద్దాడు సరుకుతో బెజవాడ పోతాడు. కొట్టుగది చూసుకోవాల్సింది నువ్వు. మొదటి బండి వచ్చేసరికి లోపలికి దిగు. నీవల్ల కాదంటావా, చింతలపూడిలో మా బావ దుకాణం ఉంది, అక్కడికి పో. పెరట్లో పడుకునే మనిషిని పెట్టుకుని ఊళ్ళో తలెత్తుకోలేను.”

అత్తయ్య చేటలో బియ్యం అట్లాగే వదిలేసి లేచింది. “ఒకసారి పంపాం, అది చాలలేదా మీకు?”

“నేను పంపానా? వాడే పోయాడు.”

“పోతుంటే ఆపారా?”

మరిది ఇద్దరినీ చూశాడు. కొట్టుగది గోడ వైపు చూశాడు. ఏటా మొదటి బండి రాకముందు ఆ గోడకి సున్నం కొట్టాలి. “ఈసారి సున్నం నేను వేస్తాను నాన్నా” అన్నాడు. మామగారు అదే జవాబనుకున్నారు. తలూపి వెళ్ళిపోయారు.

సున్నం నున్నగా వేశాడు. ఆరాక నా దగ్గరికి వచ్చి, మెట్టు కింద నిలబడి, “వదినా, దీపాల మసి కాస్త గీకి పెడతారా?” అని అడిగాడు. పసుపు అడిగాడు. జాజు అడిగాడు, అరుగులకి పూసే ఎర్రమట్టి. తుమ్మబంక నేనే నానబెట్టి ఇచ్చాను. ఆకుపచ్చకి ఏం కావాలో తెలియక చిక్కుడాకు నూరి ఇస్తే, గోడ మీద పూసిన పూటకే మాడిపోయింది. నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ తరువాత బజారుకి పోయి పచ్చరంగు పొట్లం తనే తెచ్చుకున్నాడు. ఈతపుల్లల చివర రాయితో నలగ్గొట్టి కుంచెలు చేసుకున్నాడు.

ముందు రెండు నల్లగీతలు గీశాడు. గోడకి ఈ చివర మొదలై, పాము పాకినట్టు వంకర్లు తిరుగుతూ ఆ చివరిదాకా పోయాయి. రెండు గీతల నడుమ జాజు నింపాడు. నేను కాలవ అనుకున్నాను. అడుగున పసుపుతో గడ్డి వేశాడు, పోచ పోచా. అప్పుడు ఒక రోజు గిన్నెలు తోముతున్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“వదినా, మీరు కొట్టుగదిలోకి వెళ్తారు కదా. లోపల ఎట్లా ఉంటుంది?”

“ఎట్లా ఉంటుంది మరిదిగారూ, ఉక్కగా ఉంటుంది.”

“అట్లా కాదు. తలుపు మూశాక. ముందు ఏం తెలుస్తుంది?”

అట్లా నన్ను ఎవరూ అడగలేదు. బూడిద చేతులతోనే ఆలోచించాను. “ముందు చప్పుడు పోతుంది. వీధిలో బండి చప్పుడు, అత్తయ్య గొంతు, అన్నీ పోతాయి. మన ఊపిరి చప్పుడు మనకే పెద్దగా వినపడుతుంది. పక్కన పెద్దమ్మ ఉందో లేదో అని చెయ్యి వేసి చూస్తాను.”

“చెయ్యి వేసి చూస్తారా?”

“ఆఁ.”

“మేమూ అంతే” అన్నాడు. వెళ్ళి గోడ ముందు కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి కాయలు వేయడం మొదలుపెట్టాడు. కందకం నిండా మామిడికాయలు, తొడిమ కిందికి, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ. ఒక్కోటీ ఒక్కో తీరు. ఒకటి బొద్దుగా, ఒకటి సన్నంగా, ఒకటి పక్కదాని మీదికి ఒరిగి నిద్రపోయినట్టు. కొన్నింటి మీద చిటికెన వేలంత నల్లమచ్చ. పైన, ఆకాశం ఉండాల్సిన చోట, మసితో ఒక చెయ్యి. ఎంత చెయ్యో! చూరు నుంచి కిందికి దిగుతున్నట్టు, వేళ్ళు విప్పి. ఒక వేలు కాయని నొక్కి చూస్తోంది.

“ఆ చెయ్యి ఎవరిది?” అన్నాను.

“తెలియదు వదినా. మొహం ఎప్పుడూ చూడలేదు. తిరగేసేది, నొక్కి చూసేది, మెత్తబడినవాణ్ణి ఏరేసేది. మిగిలినవాళ్ళం ఆ ఖాళీలోకి జరిగేవాళ్ళం.”

అప్పుడు తెలిసింది నాకు, అవి కాయలు కావని. అడిగాను, “మరి మనుషుల్నే వేయొచ్చుగా?”

“మొహాలు వేస్తే వాళ్ళ అమ్మలు అడుగుతారు” అన్నాడు.

ఆ తరువాత కొట్టుగది పక్క నుంచి నడిస్తే నాకు మెడ వెనక ఎవరో చూస్తున్నట్టుండేది. నూతి దగ్గరికి వెళ్ళాలన్నా ఆ గోడ ముందు నుంచే వెళ్ళాలి. ఆ చెయ్యి కింద నుంచే బిందె మోయాలి.

ఇంట్లో మిగిలినవాళ్ళకి మాత్రం అది మామిడికాయల బొమ్మ. మామగారు మురిసిపోయారు. విస్సన్నపేట నుంచి వచ్చిన ఒక వర్తకుణ్ణి పెరట్లోకి పిలిచి మరీ చూపించారు. ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని తల అటూ ఇటూ వంచి చూశాడు.

“కాయ అచ్చం రసమేనండీ. ఆ తోలు నునుపు చూడండి! ఇంతకీ ఆ చెయ్యి మీదేనా?”

“నాదే మరి!” అన్నారు మామగారు. “నొక్కి చూడందే సరుకు తీసుకుంటామా మనం?”

ఇద్దరూ గట్టిగా నవ్వారు. మరిది కుంచె కడుక్కుంటూ తలవంచుకున్నాడు. ఆ నవ్వు నా చెవుల్లో చాలాసేపు తిరిగింది.

బొమ్మ దాదాపు అయిపోయింది. ఒక్క చోట తప్ప. నిమ్మచెట్టు వైపు చివర ఆ రెండు గీతలనీ కలపలేదు. అక్కడ జాజుని అంచు లేకుండా అట్లాగే వదిలేశాడు. కందకం అక్కడ తెరుచుకుని ఉంది.

మొదటి బండి మర్నాడు వస్తుందనగా, మరిది తోటకి వెళ్ళాడు, కాయ దింపేవాళ్ళ దగ్గరికి. పొద్దు తిరిగాక అత్తయ్య తలకి పోసుకుని, గిన్నెలో సున్నం కలుపుకుని, కుంకుమ బరిణె పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. సరుకు వచ్చే ముందు కొట్టుగదికి ముగ్గు వేసి బొట్లు పెట్టడం ఏటా ఉన్నదే. ముగ్గు వేసి లేచి బొమ్మ వైపు చూసింది. మన ఇళ్ళల్లో ఏ ఆడదైనా గీత తెరిచి వదులుతుందా? ముగ్గుకి మూల తెరిచి ఉంటే చెయ్యి ఊరుకోదు కదా.

“పాపం, చెయ్యి నొప్పి పుట్టిందేమో, చివర వదిలేశాడు” అంది. సున్నంలో బట్ట ముంచి, ఆ రెండు గీతలనీ తెల్లగా, అందంగా, వంకీ తిప్పి కలిపేసింది. అక్కడితో ఆగలేదు. మిగిలిన జాజుతో నాలుగు వైపులా అంచు గీసి, మూలమూలకీ కుంకుమ బొట్టు పెట్టింది. “ఇప్పుడు నిండుగా ఉంది. నా బిడ్డ పని నిండుగా ఉంది” అనుకుంటూ చేతులు కడుక్కుంది. నేను నూతి దగ్గర నీళ్ళు తోడుతున్నాను. గీత గీయడం నేను చూసేసరికే అయిపోయింది.

పొద్దు వాలేవేళ మరిది వచ్చాడు. తలగుడ్డ తీస్తూ గోడ చూశాడు. తలగుడ్డ చేతిలోంచి జారిపోయింది. గోడ దగ్గరికి పోయి ఆ చివర గోళ్ళతో గీకడం మొదలుపెట్టాడు. సున్నం తడి ఆరలేదు, గీకేకొద్దీ తెల్లగా పరుచుకుని పక్కనున్న కాయల్ని కప్పేస్తోంది.

“ఏంట్రా, ఏంటది?” అంటూ అత్తయ్య పరుగెత్తుకొచ్చింది.

“ఎందుకు మూశావమ్మా? వాళ్ళెట్లా వస్తారు?”

“ఎవర్రా?”

“లోపలున్నవాళ్ళు!”

అత్తయ్య నిలబడిపోయింది. అతను కింద కూలబడి, గోడతోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు. “గుండు పడి ఒక పక్క మట్టి కూలింది. రెండో పక్కనుంచి పోదామనుకున్నాం. అదీ కూలింది. చీకటి. ఒకరి మీద ఒకరం. పైన మనవాళ్ళు తవ్వుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. నా దాకా తవ్వారు. నా చెయ్యి పట్టుకుని లాగారు. నా వెనక చేతులు ఉన్నాయమ్మా, నా కాలు పట్టుకుని ఉన్నాయి. పార ఇవ్వండి, నేను తవ్వుతానన్నాను. ఇవ్వలేదు. మళ్ళీ గుండ్లు పడుతున్నాయని నన్ను ఈడ్చుకుపోయారు.”

అత్తయ్య అతని పక్కన కూర్చుని, కొంగు తడిపి, తను గీసిన గీతని తుడవడం మొదలుపెట్టింది. అది పోలేదు. ఆవిడ ఎంత తుడిస్తే అంత మూసుకుపోయింది ఆ చివర. నేను బిందె పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చూశాను, పెరటి గుమ్మంలో మామగారు. ఎప్పుడొచ్చారో. గొడుగు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. అట్లాగే లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లవారగానే తాపీమేస్త్రిని పిలిపించారు. గోడ మీద ఆ చివర, సున్నం అలికిన చోట, చేత్తో చూపించి, “ఇక్కడ కిటికీ పెట్టు” అన్నారు.

మేస్త్రి తన చెవుల్ని నమ్మలేకపోయాడు. “కొట్టుగదికి కిటికీ ఏంటి అయ్యగారూ? గాలి ఆడితే కాయ మాగదు కదండీ.”

“మాగకపోతే పచ్చికాయే అమ్ముకుంటాను. నువ్వు కొట్టు.”

పెరట్లో జరిగిన ఈ మాటలేవీ మాకు తెలియవు. తలుపు ఇంటి లోపలి వసారాలోకి ఉంటుంది, బొమ్మ గోడ పెరటి వైపు. మధ్యాహ్నానికి బండి వస్తుందని పెద్దమ్మా నేనూ అప్పటికే లోపల దూరి గడ్డి పరుస్తున్నాం. అలవాటుగా తలుపు దగ్గరికి వేసుకున్నాం. ఉన్నట్టుండి గోడ దద్దరిల్లింది. బుడ్డి ఆరిపోయింది. పైనుంచి పెళ్ళలు రాలి గది నిండా మట్టి దుమ్ము. పెద్దమ్మ దగ్గు పట్టుకుని, “అమ్మో, ఇల్లు కూలుతోంది! ఓ అమ్మోయ్!” అని కేక పెట్టింది. నాకు తలుపు ఎటుందో తెలియలేదు. చెయ్యి చాపితే గడ్డి, మళ్ళీ చాపితే గోడ. ఆ దెబ్బ మళ్ళీ పడింది. నా ఊపిరి చప్పుడే నాకు వినపడుతోంది. నేనూ అరిచాను.

బయట దెబ్బలు ఆగాయి. గోడ అవతలనుంచి మరిది గొంతు. “లోపల ఎవరు? లోపల ఎవరున్నారు?”

“నేనే! వదినని! పెద్దమ్మ కూడా ఉంది!”

“ఉండండి వదినా, కదలకండి! వస్తున్నా! వచ్చేస్తున్నా!”

మేస్త్రి చేతిలో గునపం లాక్కున్నాడట. తరువాత మేస్త్రే చెప్పాడు, “నేను నలభై దెబ్బలు కొట్టేది నాలుగు దెబ్బలకి కొట్టాడమ్మా ఆ బాబు” అని. మేస్త్రి, మామగారు, పక్కింటివాళ్ళు, అందరూ అరుస్తూనే ఉన్నారట: “బాబూ, తలుపు అటుందండీ! అటు తిరిగి రండి!” అతనికి వినపడితే కదా. నాకు కనపడింది ముందు గునపం మొన. తరువాత దాని చుట్టూ వెలుగు. తరువాత ఇటుకలు కూలి, ఆ వెలుగులో దుమ్ము, ఆ దుమ్ములోంచి ఒక చెయ్యి. నేల నుంచి మూరెడు ఎత్తులో మొదలైన కంతలోంచి భుజాలు గీరుకుంటూ లోపలికి దూరాడు. నా చెయ్యి పట్టుకున్నాడు, పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాడు. “ఇంకెవరున్నారు? వెనక ఇంకెవరున్నారు?” అంటూ గడ్డంతా వెతికాడు.

“ఎవరూ లేరు మరిదిగారూ. మేమిద్దరమే. ఇద్దరం బాగున్నాం.”

“ఎవరూ లేరా?”

“లేరు.”

పెద్దమ్మ దగ్గు ఆపుకుని అతని వీపు నిమిరింది. “లేరు నాయనా. అందరూ వచ్చేశారు” అంది. ఆవిడకి కందకాల సంగతి ఏమీ తెలియదు.

అతను గడ్డి మీద కూర్చుండిపోయాడు. ఏడ్చాడు. అప్పుడు వసారా వైపు తలుపు తెరుచుకుంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది, కొడుకు లోపల ఉన్నాడు. ఇంట్లో, గోడల మధ్య, పైకప్పు కింద. ఆవిడ గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళి, పీటా కంచమూ పట్టుకుని వచ్చింది. గడ్డి పక్కకి జరిపి, ఇటుక ముక్కల మధ్య పీట వేసింది. చద్దన్నం, మాగాయ ముక్క. అతను ఆ కంత పక్కనే పీట మీద కూర్చున్నాడు. ఒక కాలు కంతలోంచి బయటికి చాపాడు. గోడకి వీపు ఆనించి తిన్నాడు. అత్తయ్య అతను తింటున్నంతసేపూ నేల వైపే చూసింది, మొహం చూస్తే లేచి పోతాడేమోనని.

ఆ ఏడు కాయ సరిగా మాగలేదు. కిటికీ వైపు పచ్చగా, తలుపు వైపు పండి ఉండేది. బెజవాడవాళ్ళు గొడవ చేశారు. మామగారు ఎవరికీ కారణం చెప్పలేదు. తరువాత ఏడు వేరే చోట గది అద్దెకి తీసుకున్నారు. మరిది చింతలపూడి వెళ్ళలేదు. కిటికీ చట్రం ఎందుకు వంకరగా ఉందని మేస్త్రిని అడిగితే, “ఆ బాబు కొట్టినచోటే ఉంచమన్నారు అయ్యగారు” అనేవాడు. బొమ్మలో ఆ చివర కాయలన్నీ ఇటుకలతో పాటు రాలిపోయాయి. పైన చెయ్యి మాత్రం చాలా వానలకి నిలిచింది. మరిది ఇంట్లో తినడం అలవాటు చేసుకున్నాడు గానీ, ఎప్పుడూ ఈ కిటికీ పక్కనే, ఎప్పుడూ ఒక కాలు బయటికి పెట్టి. పడక మాత్రం చివరిదాకా నిమ్మచెట్టు కిందే.

అదండీ ఈ కిటికీ సంగతి. ఇంత ఓపిగ్గా విన్నారు. మీ గడప దాటి వెళ్ళిన బిడ్డలందరూ ఆ గడపలోంచే లోపలికి రావాలి. మీరు వేసిన ఏ పీటా ఖాళీగా ఉండకూడదు. మీ ఇంట ఏ గదిలోనూ ఎవరికీ ఊపిరి ఆడని రోజు రాకూడదు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.